ఫైబరు కారూ, పెద్దావిడ ప్రయాణమూ

పాతకార్ల పిచ్చి పట్టినవాణ్ణి చూసి లోకం ఎల్లాగూ నవ్వుతూనే వుంటుంది. ఆ కారు ఇనపరేకుతో కాక ఫైబరుతో చేసినదైతే మరీ లోకువ. "నీళ్ల టాంకులు చేసే సరుకే గదండీ, దాన్ని పట్టుకుని కారంటారేమిటి?" అని వేళాకోళం చేస్తారు. ఆ మాట బొత్తిగా అబద్ధమూ కాదు. గాజును కరిగించి, వెంట్రుకకన్న సన్నని పోగులుగా లాగి, ఆ పోగులను చాపలాగా పరచి, మీద రెసిన్ అనే చిక్కని జిగురు పట్టించి గట్టిపడనిస్తే తయారయ్యే పదార్థమే ఇది. దానితో నీళ్ల టాంకులు చేస్తారు. పెంటకోట ఒడ్డునుంచి వేటకు వెళ్లే తెప్పలు చేస్తారు. కార్లూ చేశారు. చేయడమేమిటి, పేరుపడ్డ కార్లే చేశారు.

అల్లాంటి కారును ఇంటిల్లిపాదీ ఎక్కి తిరగడానికి వీలుగా, కాస్త సుఖంగా మార్చుకోవడం ఎల్లా అన్నది ఈ వారం సంగతి. తెలుగు పాఠాలు చెప్పుకునే వాడికి ఛాసిస్‌తో ఏమి పని అని మీరడగవచ్చు. చుట్టరికం అన్ని పనులూ నేర్పుతుంది.

నాతవరంలో మా మేనత్తగారున్నారు. డెబ్భై ఎనిమిదేళ్లు. మోకాళ్లు రెండూ మొరాయిస్తున్నాయి. నెలకొకసారి నర్సీపట్నం తీసుకువచ్చి డాక్టరుకు చూపించాలి. ఆటోలో వస్తే ఆ కుదుపులకు వైద్యం చేయించుకునే జబ్బుకన్న కొత్త నొప్పులే ఎక్కువవుతున్నాయి. ఇంట్లో చూరుకింద, ధాన్యం బస్తాల పక్కన, మా మామయ్యగారు బెంగుళూరు ఉద్యోగంలో వుండగా కొన్న డాల్ఫిన్ కారు పడి వున్నది. ఆయన పోయి పదకొండేళ్లయింది. "తీసుకెళ్తే మీ నాన్నగారి కారులో తీసుకెళ్లరా, లేకపోతే నేనిక గుమ్మం దిగను" అని అత్తయ్య మా బావతో తేల్చి చెప్పేసింది. మా బావ భార్య, అంటే మా అక్కయ్య, "ఆ డబ్బాను కిలోల లెక్కన అమ్మేసి కొత్తది కొనండి, ఆవిడకు నేను నచ్చజెబుతాను" అంటుంది. ఇద్దరి మాటల్లోనూ న్యాయం వున్నది. మా బావ మాత్రం నోటుబుక్కు తీసి జాబితా రాసుకున్నాడు: వెనక రెండు తలుపులు కొత్తగా పెట్టించాలి, ఎ.సి. పెట్టించాలి, మెత్తని సీట్లు, మందపాటి కార్పెట్టు, పైన సామాను కేరియరు. ఆ జాబితా నా చేతికిచ్చి, "బావా, నువ్వేమంటావు?" అన్నాడు.

నేనేమన్నానో చెప్పేముందు ఆ కారు పుట్టుపూర్వోత్తరాలు కొంచెం చెప్పాలి.

ఇంగ్లండులో టామ్‌వర్త్ అనే ఊళ్లో రిలయంట్ కంపెనీవారు 1975లో కిటెన్ అనే చిన్నకారు తెచ్చారు. కిటెన్ అంటే పిల్లికూన. 848 సి.సి. అల్యూమినియం ఇంజను, 40 గుర్రాల శక్తి, కింద ఉక్కు ఛాసిస్, పైన ఫైబరు ఒళ్లు. మొత్తం బరువు మన అంబాసిడరులో సగం కూడా లేదు. అక్కడ దాని తయారీ 1982లో ఆగిపోయింది. అదే కారు బెంగుళూరులో సిపానీవారి చేతుల్లో డాల్ఫిన్ అయింది. అంతకుముందు వీరే బాదల్ అనే మూడు చక్రాల ఫైబరు కారు కూడా తయారుచేశారు. డాల్ఫిన్ ఎంత తేలికంటే, 1980లలో దక్షిణాది రాలీ పోటీల్లో పెద్దకార్లను వెనక్కి నెట్టి ముందుకు దూకేది. కాని సంసారులకు పందాలతో పనేముంది? తలుపులు రెండే. వెనక సీటులో కూర్చోవాలంటే ముందుసీటు మడిచి, నడుం వంచి దూరాలి. 1983 డిసెంబరు 14న మొదటి మారుతీ 800 తాళాలు కొన్నవారి చేతికి అందాయి. ఉక్కు ఒళ్లు, నాలుగు తలుపులు. జనం అటు పోయారు. సిపానీవారు కూడా ఊరుకోలేదు. డాల్ఫిన్‌నే మార్చి, నాలుగు తలుపులు పెట్టి మోంటానా అని తెచ్చారు. అంటే మా బావకు వచ్చిన ఆలోచన ఆ కంపెనీకి ఎప్పుడో వచ్చిందన్న మాట. అయితే వారు కొత్త అచ్చులు పోసి, కొత్త ఒళ్లు తీసి పెట్టారు. రంపం పెట్టి పాతదాన్ని కోయలేదు. ఈ తేడా ముందు ముందు అవసరమవుతుంది, గుర్తుంచుకోండి.

ముందు కారు, తరువాత సుఖం - ఫైబరు కార్ల చరిత్ర అంతా ఇదే వరస. అమెరికావారు గొప్పగా చెప్పుకునే కార్వెట్ 1953లో వచ్చింది. మొదటి సంవత్సరం చేసినవి 300. అంత ఖరీదు కారుకు బయట తలుపు పిడి లేదు, పైకీ కిందికీ తిరిగే అద్దాలు లేవు! చెయ్యి లోపలికి పెట్టి తలుపు తీసుకోవాలి. వానొస్తే తెరలు తగిలించుకోవాలి. పిడులూ అద్దాలూ వచ్చేసరికి 1956 అయింది. ఇంగ్లండులో లోటస్ వారి ఎలీట్ 1957లో వచ్చింది. ఛాసిస్ అన్నదే లేకుండా ఒళ్లంతా ఫైబరే. చూడ్డానికి ముచ్చటైన కారు. లోపల కూర్చుంటే మృదంగంలో కూర్చున్నట్టు మోత. పక్క అద్దాలు కిందికి దిగవు. ఉక్కపోస్తే ఊడదీసి సీటు వెనక పెట్టుకోవాలి. 1962లో తెచ్చిన ఎలాన్‌కు ఆ కంపెనీవారే అడుగున ఉక్కు వెన్నెముక పెట్టారు.

ఈ లోటస్ వారే తమ సెవెన్ అనే కారును విడిభాగాలుగా పెట్టెలో పెట్టి అమ్మేవారు. కొన్నవాడు ఇంట్లో బిగించుకోవాలి. దీన్నే కిట్ కారు అంటారు. తయారైన కారుకు అక్కడ కొనుగోలు పన్ను పడేది, విడిభాగాలకు పడేది కాదు. 1973లో కొత్త పన్ను వచ్చేదాకా ఆ వెసులుబాటు సాగింది. పెట్టెలో బిగించే విధానం రాసి ఇవ్వకూడదన్నది షరతు. అందుకని విప్పే విధానం రాసి పెట్టి, తలకిందులుగా చదువుకోమనే వారని చెబుతారు. సమాసం ఇవ్వకుండా విగ్రహవాక్యం ఇచ్చి సరిపెట్టడం లాంటిది! మా విద్యార్థులకు చెబితే వ్యాకరణం క్లాసులో మొదటిసారి నవ్వారు.

సరే, మా బావ జాబితాకు వద్దాం. ఆ జాబితాలో అన్నీ పైపనులే. ఫైబరు కారులో చూడవలసిందంతా అడుగున వుంటుంది.

ఉక్కు కారైతే తుప్పు పైకి కనబడి హెచ్చరిస్తుంది. తలుపు అంచున బుడిపెలు లేస్తాయి, రంగు పొలుసులు రాలుతుంది. ఫైబరు తుప్పుపట్టదు. నలభై ఏళ్ల తరువాత కూడా తుడిస్తే తళతళలాడుతుంది. దాని కింద ఉక్కు ఛాసిస్ మాత్రం మామూలు ఉక్కే. చూరుకింద తేమ, పశువుల మూత్రపు ఘాటు, సముద్రపు గాలి అన్నీ దాన్ని తింటూనే వుంటాయి. పైన పెళ్లికూతురు, కింద చెదపుట్ట. మందపాటి కార్పెట్టు వేసి, కింద గోనెఫెల్టు పరిస్తే అది వాననీటిని పీల్చుకుని నెలల తరబడి ఛాసిస్ బోల్టులమీద తడిగుడ్డలాగా పడి వుంటుంది. సుఖంకోసం వేసిన పక్కే ప్రాణంమీదికి తెస్తుంది. కనక మొదటిపని కార్పెట్టు వేయడం కాదు, వున్నది పీకడం. కారును జాకీలమీద ఎత్తి, చిన్న సుత్తితో ఛాసిస్ పొడుగునా కొట్టి చూడాలి. సంతలో ఆడవాళ్లు కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తారే, అచ్చం అల్లాగే. మంచి ఉక్కు ఖంగుమంటుంది. పుచ్చిన చోట శబ్దం చచ్చిపోతుంది.

మా బావ కారులో వెనక కమానులు తగిలే చోట రెండు జానల మేర ఛాసిస్ పుచ్చిపోయింది. సుత్తి దెబ్బకు పెచ్చులు రాలాయి. అత్తయ్యను కూర్చోబెట్టి తుని రోడ్డుమీద ఒక్క గోతిలో దింపి వుంటే ఏమయ్యేదో! అప్పుడు అక్కయ్య ముఖంలో 'నేను చెప్పలేదా' అన్న భావం కనిపించింది గాని, పాపం పైకి అనలేదు. పుచ్చిన ఉక్కు కోసి కొత్తది వెల్డింగు చేయించాం. వెల్డింగు చేసేటప్పుడు ఫైబరు ఒంటి బోల్టులు విప్పి, దాన్ని పైకెత్తి పక్కన పెట్టించాం. రెసిన్‌కు నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది, అంటుకుంటే నల్లని పొగతో మండుతుంది. "తడి గోనె కప్పితే చాలు" అనే వెల్డరు మాట వినకండి.

రెండోది కరెంటు. ఉక్కు కారులో ఒళ్లంతా ఒక తీగతో సమానం. బ్యాటరీనుంచి దీపానికి ఒక తీగ పోతే చాలు, తిరుగుదారి ఒళ్లే. ఫైబరులో కరెంటు పారదు. ప్రతి దీపానికీ, ప్రతి ఫ్యానుకూ తిరుగుదారికి రెండో తీగ వుండాలి. దాన్నే మెకానిక్కులు ఎర్తు అంటారు. ఉక్కు కార్లకు అలవాటుపడ్డ మెకానిక్కు ఈ సంగతి మరిచిపోతాడు. ఒక షాపులో - పేరెందుకు లెండి - బావ కారుకు అత్తయ్యకోసం ఫ్యాను పెట్టి, దాని ఎర్తును దగ్గర్లో వున్న మరో సన్నతీగకు ముడేశారు. ఫ్యాను వేస్తే ముందు దీపాలు మసకబారేవి. తీగ చేత్తో పట్టుకుంటే వేడి. బ్యాటరీనుంచి లావు ఎర్తుతీగ ఒకటి కారు ముందునుంచి వెనకదాకా లాగించి, అన్నిటినీ దానికి కలిపితే ఆ గొడవ పోయింది. రేడియో పెట్టుకుంటే గరగర మోత వస్తుందని కూడా విసుక్కోకండి. ఇనపరేకైతే ఇంజను నిప్పురవ్వల అలజడిని అడ్డుకుంటుంది, ఫైబరు అడ్డుకోదు. కార్వెట్ వాళ్లు ఇంజను మీద లోహపు కవచాలు బిగించి దీన్ని అణచవలసి వచ్చింది.

ఎ.సి. సంగతి క్లుప్తంగా చెబుతాను: వద్దన్నాను. వున్నదే నలభై గుర్రాలు, అవీ ముసలి గుర్రాలు. అందులో నాలుగైదింటిని చల్లగాలికి కట్టేస్తే బండి లాగేదెవరు? లంబసింగి ఘాటు ఎక్కాలని మా బావకు ఆశ కూడా వున్నది మరి. దానికి బదులు పైకప్పుకు తెల్లరంగు వేయించాం. లోపలివైపు నీరు పీల్చని రబ్బరు నురుగు షీటు అంటించి, మీద పాతకాలపు గళ్ల గుడ్డ వేయించాం. ఇంజనుకూ మనుషులకూ మధ్య గోడమీద కూడా అదే షీటు, దానిపై వెండిరేకు. ఫైబరు స్వతహాగా ఇనుమంత త్వరగా వేడి మోయదు. లోపల ఉక్కకు సగం కారణం ఇంజనువైపునుంచి, గేరు రాడ్డు చుట్టూ వున్న కంతలగుండా వచ్చే వేడిగాలే. ఆ కంతలు మూస్తే మోత కూడా చాలావరకు తగ్గుతుంది. తేలికపాటి పలక దడదడలాడుతుంది గనక తలుపుల లోపల తారుషీటు ముక్కలు నాలుగైదు చోట్ల అంటిస్తారు. అంతటా అంటించకూడదు. ఐదువందల కిలోల పైచిల్లర బరువున్న కారు ఇది. నలుగురు మనుషులు ఎక్కితేనే దాని బరువులో సగం. సుఖం పేరిట తూకం పెంచుకుంటూ పోతే కమానులు కూలబడతాయి, బ్రేకు పట్టడం ఆలస్యమవుతుంది.

ఇక తలుపులు. ఇక్కడే మా బావకూ నాకూ వాదం వచ్చింది. ఆయన వెనక రెండు తలుపులు కోయించాలన్నాడు. నేను టేపు తెప్పించి ముందు తలుపు కొలిపించాను. రెండు తలుపుల కారుకు ఒక వరం వున్నది, ఎవరూ గమనించరు: దాని తలుపు పొడుగు. నాలుగు తలుపుల చిన్నకారులో ముందు తలుపు ఇరుకు, మోకాలు మడవలేని మనిషి కాలు లోపలికి తీసుకోవడానికి నానా హైరానా పడాలి. ఇందులో తలుపు పూర్తిగా తెరిస్తే అత్తయ్య వెనక్కి తిరిగి, తిన్నగా సీటుమీద కూర్చుని, తరువాత కాళ్లు రెండూ ఒక్కసారి లోపలికి తిప్పుకోవచ్చు. ఆవిడ ముందుసీటు, పిల్లలు వెనక సీటు. దూరి వెళ్లడం పిల్లలకు ఆట. సీటు కింద ఉక్కు దిమ్మలు పెట్టి రెండంగుళాలు ఎత్తు పెంచాం. మెత్తటి నురుగు తీయించి కొబ్బరిపీచు వేయించాం. మెత్తటి సీటు షాపులో హాయిగానే వుంటుంది. పెద్దవాళ్లు అందులో దిగబడి, లేవడానికి ఇద్దరు మనుషులు కావలసి వస్తుంది. కూర్చుని తిరగడానికి సీటుమీద నున్నని పట్టుగుడ్డ ఒకటి. పట్టుకోవడానికి తలుపు పక్కన పిడి. ఆ పిడీ, సీటు బెల్టుల కొసలూ మాత్రం ఫైబరుకు బిగించకూడదు సుమండీ. బోల్టు ఛాసిస్‌కో, దానికి వెల్డు చేసిన ఉక్కు పట్టీకో అందాలి. ఫైబరుకు బిగిస్తే అవసరమైన ఆ ఒక్క క్షణంలోనే ఊడి చేతికొస్తుంది.

తలుపులు కోయించడానికి ఇంకొక అడ్డు కూడా వున్నది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీ నిర్ణయించిన వివరాలకు విరుద్ధంగా బండిని యజమాని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ కేసొకదానిలో ఇదేమాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణతో, అనుమతిలేని ఒక్కొక్క మార్పుకు అయిదువేల రూపాయల జరిమానా గాని, ఆరునెలలదాకా జైలు గాని, రెండూ గాని పడవచ్చు. పదిహేనేళ్లు దాటిన బండి రిజిస్ట్రేషను అయిదేళ్లకొకసారి పొడిగించుకోవడానికి ఎల్లాగూ ఆఫీసుకు తీసుకుపోవాలి. అక్కడ రెండు తలుపుల కారు నాలుగు తలుపులతో నిలబడితే ఏమి జవాబు చెబుతారు? రంగు మారిస్తే కూడా కాగితాల్లో రాయించుకోవలసిందే. సీటు కవర్లు, ఫ్యాను, లోపలి షీట్లు ఇల్లాంటివాటికి ఎవరూ అడ్డురారు. అసలు చట్టం లేకపోయినా నేను వద్దనే వాణ్ణి. అచ్చులోంచి తీసిన ఫైబరు ఒళ్లు గుడ్డు పెంకులాగా వంపువల్ల బలంగా వుంటుంది. పక్కన బెజ్జం చేస్తే ఆ వంపు తెగుతుంది. ఆరునెలల్లో తలుపు మూలలనుంచి పగుళ్లు పాకుతాయి.

పగుళ్లంటే గుర్తొచ్చింది. ఈ కారుకు టింకరింగు షాపులో పనిలేదు. సుత్తితో సొట్టలు తీసే పనివాడు ఫైబరును చూసి పుట్టీ రుద్ది రంగు వేసి పంపుతాడు. రెండు నెలల్లో అదే పగులు మళ్లీ నవ్వుతుంది. నేను బావను పెంటకోట పంపించాను. తెప్పలు బాగుచేసే పనివారు అక్కడున్నారు. వారికి కారయితేనేమి, తెప్పయితేనేమి? పగులు కొస ఎక్కడుందో చూసి అక్కడ సన్నబెజ్జం వేస్తారు, ఇక ముందుకు పాకకుండా. లోపలివైపు గీకి, గాజు చాప రెండుమూడు పొరలు రెసిన్‌తో అతికిస్తారు. పైపూత తరువాతి మాట. ఇదేమీ చిన్నచూపు చూడవలసిన విద్య కాదు. కాలిఫోర్నియాలో పడవలు కడుతూ ఫైబరుపని నేర్చుకున్న బ్రూస్ మేయర్స్ అనే ఆయన 1960లలో పాత ఫోక్స్‌వాగన్ అడుగును కుదించి, మీద పడవలాంటి ఫైబరు ఒళ్లు పెట్టి ఇసుకదిబ్బలమీద నడిపాడు. మేయర్స్ మాంక్స్ అనే ఆ కిట్ కారును చూసి లోకమంతా నకళ్లు చేసింది.

కేరియరు వద్దనడానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. బావకు జీడిపిక్కల బస్తాలు పైన కట్టాలని వున్నది. ఆ పైకప్పు బస్తాలు మోయడానికి పుట్టలేదు. వెనకసీటు మడిచి లోపల పెట్టుకోమన్నాను, పిల్లలు లేని రోజున.

ఇల్లాంటి కారు మీ ఇంట కూడా వుంటే, ఒక మాట. ఎక్కడ బెజ్జం వేయవలసి వచ్చినా స్క్రూ గుచ్చకండి. బోల్టు పెట్టి, రెండువైపులా వెడల్పాటి వాషర్లు వేసి, చేతికి బిగువు తెలిసేదాకా మాత్రం బిగించండి. గీకేటప్పుడు లేచే ధూళి గాజు ధూళి. ముక్కుకు గుడ్డ, కళ్లకు అద్దాలు, నిండుచేతుల చొక్కా లేకుండా దగ్గరికి పోవద్దు, పిల్లల్ని రానివ్వవద్దు. రెసిన్‌లో కలిపే హార్డెనరు నూటికి ఒకటి రెండు పాళ్లు మించకూడదు. ఎక్కువైతే గిన్నెలోనే కాగి పొగలు కక్కుతుంది, కంట్లో చుక్కపడితే చూపుకే ముప్పు. ఈ పని ముసురులో పెట్టుకుంటే రెసిన్ ఆరక రోజుల తరబడి జిగటగా వుంటుంది. మృగశిర కార్తె రాకముందు, ఎండాకాలం పొద్దుటిపూట, ఎండ మీదపడని నీడలో చేయించుకుంటే మధ్యాహ్నం భోజనాల వేళకు గోటితో గీసినా గీత పడనంత గట్టిపడుతుంది. తలుపుల రబ్బర్లు మాత్రం ఆఖరున, రంగు పూర్తిగా ఆరాక వేయించుకోండి.